ఫోర్కు కంటే ముందు వెర్నియర్ కొను

ప్రశ్న: అన్నయ్యా, మాది రాయగడ. నాకు 24 ఏళ్ళు, బరువు 68 కిలోలు. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు తెలిసినాయన దగ్గర కొండలు దిగే డౌన్‌హిల్ సైకిలు ఫ్రేము ఒకటి కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, 27.5 అంగుళాల చక్రాలకి చేసింది, వెనక ట్రావెల్, అంటే చక్రం పైకి కదిలే దూరం, 200 మి.మీ. షాకు దానితోనే వచ్చింది, అది నొక్కుకునే దూరం, అంటే స్ట్రోకు, 76 మి.మీ. స్ప్రింగు మీద 450 × 3.0 అని ఉంది. మిగతా సామానంతా కొని నా చేత్తోనే బిగించుకోవాలని ఆశ. దాచుకున్నది 1,80,000 రూపాయలు. ఫ్రెండ్సంతా ముందు మంచి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు కాళ్ళు) కొనెయ్, మిగతావి తరవాత చూసుకోవచ్చు అంటున్నారు. ఏది ముందు కొనాలి? విశాఖలో ఏదైనా షాపుకి ఇచ్చి చేయించుకోవడం మంచిదా? ఈ చలికాలంలో దేవమాలి కొండ మీద నుంచి దిగాలి. అమ్మ మాత్రం "ఇంత డబ్బు పోసి ఇంజను లేని మోటార్ సైకిలు కొంటావట్రా" అంటోంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్ప్రింగు మీద అంకె రాశావు, నీ బరువు రాశావు, అమ్మ మాట కూడా రాశావు. ఫోర్కు మెడ దూరే హెడ్‌ట్యూబు లోపలి కొలత ఎంతో రాయలేదు. వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) వెడల్పు రాయలేదు. పెడళ్ళ దగ్గర వాటి ఇరుసు తిరిగే బీబీ గొట్టం ఎంత వెడల్పుందో, దానికి మరలున్నాయో లేవో రాయలేదు. ఈ మూడూ తెలియకుండా నువ్వు ఏది ఆర్డరు పెట్టినా లాటరీ టికెట్టు కొన్నట్టే. అందుకని ముందు కొనాల్సింది ఫోర్కు కాదు, సన్నటి తేడాలు కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్. డిజిటల్‌ది అక్కర్లేదు, మామూలుది చాలు.

ఇది తెలివితేటలతో చెప్తున్న మాట కాదు, చేతులు కాలాక చెప్తున్నది. నేను సునాబెడలో విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసేవాణ్ణి. రోజంతా మిల్లీమీటరులో వందో వంతు తేడా కోసం కొట్టుకునే మనిషిని. అలాంటివాణ్ణి నా మొదటి డౌన్‌హిల్ సైకిలికి వెనక చక్రం కొనేటప్పుడు ఫొటో చూసి "ఆఁ, ఇదే" అనేసుకున్నాను. వచ్చింది 12 × 150, అంటే యాక్సిల్ మందం 12 మి.మీ., వెడల్పు 150. నా ఫ్రేము 12 × 157. ఏడు మిల్లీమీటర్లు తక్కువ. ఆ హబ్బుకి (చక్రం నడిమి భాగానికి) రెండు పక్కలా మార్చే క్యాపులు దొరికితే సరిపోయేది, అవి దొరకలేదు. ఆ చక్రం ఏడాదిన్నర పాటు అటక మీద ఉంది. మా ఇంటావిడ దానికి వడియాల గుడ్డ ఆరేసేది.

కాబట్టి ఒక కాగితం తీసుకో. హెడ్‌ట్యూబు పైన లోపలి వ్యాసం, కింద లోపలి వ్యాసం విడివిడిగా కొలువు. పైన 44, కింద 56 రావచ్చు. రెండు చోట్లా 49.6 దగ్గరలో రావచ్చు. ఇవి తెలిస్తేనే హెడ్‌సెట్టు, అంటే అక్కడ కూర్చునే బేరింగుల జత, కొనగలవు. ఇంకో సంగతి. డౌన్‌హిల్‌కి వాడే రెండు క్రౌన్ల ఫోర్కుల (కాళ్ళని హెడ్‌ట్యూబుకి పైనా కిందా పట్టి ఉంచేవి) మెడగొట్టం సాధారణంగా పైనుంచి కిందిదాకా ఒకే మందం, 28.6 మి.మీ. మామూలు మౌంటెన్ సైకిళ్ళకి ఉండే కింద లావు, పైన సన్నం గొట్టం కాదు. అందుకని కింది బేరింగు మీద కూర్చునే రింగు దానికి తగ్గది తీసుకోవాలి. హెడ్‌ట్యూబు పొడవు కూడా రాసుకో. రెండు క్రౌన్ల మధ్య ఎంత దూరం ఉండొచ్చో ఫోర్కు చేసినవాడు ఒక హద్దు పెడతాడు, నీ ఫ్రేము ఆ హద్దులో ఉండాలి.

వెనక యాక్సిల్ దగ్గర 150, 157, 148, 142 ఇలా ఏదైనా ఉండొచ్చు. 157లో మళ్ళీ రెండు రకాలు. పాత డౌన్‌హిల్ 157 వేరు, హబ్బు అంచులు వెడల్పుగా ఉండే సూపర్ బూస్ట్ 157 వేరు. బీబీ గొట్టం డౌన్‌హిల్ ఫ్రేముల్లో ఎక్కువగా 83 మి.మీ., కొన్నిట్లో 73. క్రాంకు ఇరుసు దాన్ని బట్టే. 73కి చేసిన క్రాంకు 83లో పట్టదు. మరలున్న బీబీ అయితే నీ అదృష్టం, కప్పులు చేత్తో బిగించుకోవచ్చు. నొక్కి ఎక్కించే రకమైతే ఒక పరికరం కావాలి, దాని సంగతి తరవాత చెప్తాను. బీబీ చుట్టూ చైన్ గైడు (చైను జారకుండా పట్టేది) బిగించే మూడు బోల్టు కన్నాలున్నాయా, వెనక బ్రేకు బిగించే చోట ఎంత డిస్కుకి చేశారు, సీటు గొట్టం లోపలి కొలత ఎంత, ఇవీ రాసుకో. షాకు బోల్టు కన్నం దగ్గర, హెడ్‌ట్యూబు వెల్డింగు చుట్టూ, బీబీ వెనక కడిగి తుడిచి టార్చి వెలుగులో చూడు. వెంట్రుకంత గీత కనిపించినా అక్కడ గోరు పెట్టి గీరు. గోరు తట్టుకుంటే నాకు ఫొటో పంపు, ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. బెంగళూరులోనో పుణెలోనో ఉన్నవాడు సైకిలు ఎలా కట్టుకుంటాడో అలా నువ్వు కట్టుకోకూడదు. వాడికి పాడైతే ఇచ్చి రావడానికి షాపు ఉంది. నీకు రాయగడలో ఉన్నదల్లా పంచరు షాపు, వెల్డింగు షాపు, మోటార్ సైకిల్ మెకానిక్కు, ఇంకా సాలూరు వెళ్తే లేత్ షాపులు. ఈ నాలుగింటితో బాగయ్యేదే మన సైకిలు. ఇక్కడ విప్పలేని పార్టు ఎంత గొప్పదైనా మనకి లేనట్టే. ప్రతి వస్తువు కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఇది దేవమాలి దగ్గర పొట్టంగిలో విరిగితే ఏం చేస్తాను?

ఈ ప్రశ్న దగ్గరే ఫోర్కు తేలిపోతుంది. 200 మి.మీ. ట్రావెల్ ఉన్న కొత్త ఫోర్కు, ఫాక్స్ 40 అను, రాక్‌షాక్స్ బాక్సర్ అను, కస్టమ్స్ డ్యూటీ కూడా కట్టి తెచ్చుకుంటే నీ డబ్బులో చాలా భాగం అదే మింగేస్తుంది. మిగిలిన దానితో నాసి బ్రేకులు, నాసి టైర్లు. అది సైకిలు కాదు, షోకేసు. రెండుమూడు మోడళ్ళ కిందటిది వాడినది తీసుకో. అందులో చూడాల్సినవి మూడే. మెరిసే గొట్టాల మీద గోరు తగిలే గీత ఉండకూడదు. ముందు చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే లోపల కటకట ఆడకూడదు. మెడగొట్టం మీ హెడ్‌ట్యూబుకి సరిపడా పొడవు మిగిలుండాలి. చాలామంది మూడోది మరిచిపోతారు. ముందువాడు పొట్టిగా కోసేసి ఉంటే ఆ ఫోర్కు ఎంత చవకైనా నీకు పనికిరాదు. ముందు యాక్సిల్ 20 × 110. అయితే బూస్ట్ అని రాసి ఉన్న 20 × 110కి హబ్బు వేరు. అది కూడా అడుగు. కింది కాళ్ళు విప్పి సీళ్ళు తుడిచి నూనె మార్చడం ఇంట్లో చేసుకునే పనే, ఒక ఆదివారం పడుతుంది. లోపల కదలికని అదుపు చేసే డ్యాంపర్ జోలికి మాత్రం పోకు.

బ్రేకుల దగ్గర కాస్త ఆగుతాను. ఈ ఆటే బ్రేకులు కాలిన చోట పుట్టింది. 1976 అక్టోబరులో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని ఒక కొండబాట మీద నుంచి కిందికి పందెం పెట్టుకున్నారు. పెడలు వెనక్కి తొక్కితే హబ్బులో పడే బ్రేకు ఆ సైకిళ్ళకి. కిందికి చేరేసరికి హబ్బు వేడికి లోపల గ్రీజు పొగైపోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరితేగాని రెండోసారి దిగలేరు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పడింది. మొదటి ప్రపంచ పోటీలు 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగేనాటికి సైకిళ్ళు చాలా మారాయి. వేడి మాత్రం మారలేదు. కోరాపుట్ నుంచి జైపూర్ దిగే ఘాట్‌లో లారీల వెనక వచ్చే ఆ మాడు వాసన నీకు తెలిసిందే. కొండ దిగే ఏ బండికైనా అదే జబ్బు.

అందుకని నాలుగు పిస్టన్ల బ్రేకులు, ముందూ వెనకా 200 లేదా 203 మి.మీ. డిస్కులు. ఇందులో రాజీ లేదు. ఇక నూనె. సైకిలు బ్రేకుల్లో రెండు జాతులు. షిమానో వాళ్ళవి మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. శ్రామ్ వాళ్ళ పాత బ్రేకులు చాలావరకు డాట్ నూనెతో నడుస్తాయి. మన ప్రశ్న వేసుకుంటే డాటే గెలవాలి. ఎందుకంటే అది మోటార్ సైకిల్ బ్రేకుల్లో పోసేదే, రాయగడలో ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా సీసా దొరుకుతుంది. అయినా నేను మినరల్ అనే అంటాను. డాట్ గాలిలో తేమ లాక్కుంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర బట్టలే ఆరవు, ఆ నూనె సంగతి చెప్పాలా? నీరు కలిసిన డాట్ తొందరగా మరుగుతుంది, లీవరు మెత్తబడి హ్యాండిలుకి తగులుతుంది. పైగా అది పెయింటు తినేస్తుంది. మినరల్ ఆయిల్ ఒక్క చిన్న సీసా తెప్పించుకుంటే ఏళ్ళు వస్తుంది.

ఏదైనా వాడుకో, రెండూ మాత్రం కలపకు. నాకు జరిగింది చెప్తాను. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు మా అబ్బాయి బ్రేకు మెత్తగా ఉందని దగ్గర్లోని మోటార్ సైకిల్ షాపుకి తీసుకెళ్ళాడు. ఆయన మంచి మనసుతోనే, డబ్బులు కూడా తీసుకోకుండా, మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోసి ఇచ్చాడు. రెండు రోజులు బానే ఉంది. మూడో రోజు లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పిస్టన్లు పట్టేశాయి. లీవరు, డిస్కుని నొక్కే బ్రేకు కాలిపరు రెండూ చెత్తబుట్టలోకే. అప్పటి నుంచి రెండు లీవర్ల మీదా తెలుగులో, ఒడియాలో "మినరల్ మాత్రమే" అని మార్కరుతో రాసి పైన టేపు వేశాను. నువ్వూ రాసుకో.

ప్యాడ్లు మెటల్ రకం తీసుకో. రెసిన్ ప్యాడ్లు మెత్తగా, సప్పుడు లేకుండా పడతాయి గాని ఎర్రమట్టి బురదలో ఒక్క రోజులో అరిగిపోయినవి నేను చూశాను. డిస్కు మీద రెసిన్ ప్యాడ్లకే అని ముద్ర ఉంటే మెటల్ వేయకూడదు. కొత్త ప్యాడ్లతో నేరుగా కొండ ఎక్కకు. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగం అందుకుని, చక్రం లాక్ అవకుండా, నడక వేగం దాకా తగ్గించు. అలా పాతిక ముప్పైసార్లు. అప్పుడే ప్యాడు, డిస్కు ఒకదానికొకటి కుదురుతాయి. చైనుకి కొట్టే స్ప్రే డిస్కు దరిదాపులకి రాకూడదు.

చక్రాలు నీ చేత్తో కట్టుకోవాలన్న మోజు ఉంటే బానే ఉంటుంది గాని, మొదటిసారికి కట్టినవే కొను. అల్యూమినియం రిమ్ము, 32 స్పోకులు, తల వంపున్న మామూలు స్పోకులు. తిన్నటి స్పోకుల హబ్బులు చూడ్డానికి బాగుంటాయి, ఒకటి తెగితే దానికి జత దొరికే సరికి పండగ వెళ్ళిపోతుంది. స్పోకుల పొడవు రాసుకుని డిస్కు పక్కకి నాలుగు, గేర్ల పక్కకి నాలుగు కొని ఇంట్లో పెట్టుకో. మన సైకిలు షాపుల్లో దొరికే స్పోకులు వీటికి సరిపోవు. కానీ బెండు తీసే చెయ్యి అక్కడే ఉంది. మా బజారులో సైకిలు షాపు ముసలాయనకి డౌన్‌హిల్ అంటే ఏమిటో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని, స్పోకులు మీటి, అరగంటలో దారం పట్టినట్టు తిన్నగా తీసిచ్చేస్తాడు. రాయగడలో కూడా అలాంటాయన ఒకరుండి తీరతారు. వెతుకు, టీ తాగించు, చక్రం ఇచ్చి పక్కనే కూర్చుని చూడు.

టైర్లు రెండు పొరల డౌన్‌హిల్ కేసింగువే. మ్యాక్సిస్ మినియన్, అసెగై లాంటివి, 2.4 లేదా 2.5 అంగుళాలు. ఒక్కోటి కిలో పైన తూగుతుంది. తూగనీ. లాటరైట్ రాయి అంచు కత్తిలా ఉంటుంది, ఒక పొర టైరు పక్కలు చీలిపోతాయి. ట్యూబులెస్‌గా వేసుకో, లోపల సీలెంటు పొయ్యి. మన ఎండలకి అది ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి వాల్వు విప్పి చూసుకోవాలి. మొదటిసారి టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా వెళ్ళాలి, చేతి పంపుతో అవ్వదు. పంచరు షాపు కంప్రెషరే గతి. నీ వాల్వు సన్నటి ప్రెస్టా రకం, వాళ్ళ గొట్టం లావు వాల్వుకి. మధ్యలో వేసే ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంచుకో. గొట్టం మాత్రం నీ చేతుల్లోనే పట్టుకో. పొద్దున్నుంచి లారీ టైర్లు నింపినాయన చేతికిస్తే సైకిలు టైరు అన్న సంగతి గుర్తుండదు. అంచు కూర్చున్నాక గాలి తగ్గించి నీ బరువుకి ముందు 24, వెనక 27 పీఎస్ఐతో మొదలుపెట్టు. రిమ్ముకి రాయి తగిలిన చప్పుడొస్తే ఒక్కొక్కటి పెంచు.

గేర్ల గురించి అంత ఆలోచించక్కర్లేదు. కొండ దిగే సైకిలికి పదీ పన్నెండు గేర్లు దండగ. ముందు 36 పళ్ళ రింగు ఒక్కటే, దానికి చైన్ గైడు, కింద రాయి తగలకుండా కాపు. వెనక పొట్టి చెయ్యి ఉన్న, క్లచ్ ఉన్న డిరైలరు (గేర్లు మార్చేది). వాడినది దొరికితే అదే మేలు, అది ఎలాగూ ఏదో ఒక రాయికి బలి అవుతుంది. క్రాంకులు 165 మి.మీ.

ఇక నీ స్ప్రింగు. ఉత్తరంలో నాకు బాగా నచ్చిన సంగతి అదే, ఎందుకంటే దాని లెక్క కాగితం మీద తేల్చుకోవచ్చు. 450 అంటే ఆ స్ప్రింగుని ఒక అంగుళం నొక్కడానికి 450 పౌండ్ల బరువు కావాలని. 3.0 అంటే అది మూడంగుళాల స్ట్రోకు షాకుకి చేసిందని. నీ షాకు 76 మి.మీ., అంటే మూడంగుళాలే, అక్కడ పేచీ లేదు. చక్రం 200 కదిలితే షాకు 76 కదులుతుంది. 200ని 76తో భాగిస్తే 2.63. చక్రం మీద పడే బరువు షాకు దగ్గరికొచ్చేసరికి సగటున అన్ని రెట్లవుతుంది.

నీ బరువు 68, హెల్మెట్ బట్టలు బూట్లు కలిపి ఆరు, స్ప్రింగుల పైన ఉండే సైకిలు భాగం ఓ 12. మొత్తం 86 కిలోలు. నుంచుని తొక్కేటప్పుడు అందులో వెనక చక్రం వాటా నూటికి 62 దాకా అనుకో, 53 కిలోలు. 53ని 2.63తో హెచ్చిస్తే షాకు మీద దాదాపు 140 కిలోలు. సైకిలెక్కి నుంచుంటే షాకు తన స్ట్రోకులో నూటికి 30 వంతు దిగాలి, అంటే 22.8 మి.మీ. 140ని 22.8తో భాగిస్తే మిల్లీమీటరుకి 6.14 కిలోలు. దాన్ని అంగుళానికి పౌండ్లలోకి మార్చాలంటే 56తో హెచ్చించు, 344 వస్తుంది. నీకు కావాల్సింది 350 స్ప్రింగు. 450తో నువ్వు 23 వంతు మాత్రమే దిగుతావు. రాయి ఎక్కినప్పుడల్లా వెనక చక్రం నిన్ను తన్నుతుంది, టైరు నేలని పట్టదు. అది నీ భయం అనుకుని నువ్వు బ్రేకులు నొక్కుతూ ఉంటావు. ఎంతోమంది ఈ ఆట మానేసింది ధైర్యం చాలక కాదు, తప్పు స్ప్రింగు వల్ల.

స్ప్రింగుని బిగించే కాలరు తిప్పి సరిచేద్దామనుకోకు. స్ప్రింగు కదలకుండా పట్టుకునేందుకు ఒక చుట్టు, మహా అయితే రెండు. అంతకంటే బిగిస్తే స్ప్రింగు మారినట్టు కాదు. చవగ్గా దొరికిందని 2.75 స్ట్రోకు స్ప్రింగు తెచ్చుకోకు, షాకు పూర్తిగా దిగకముందే చుట్లు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటాయి. ముందు ఫోర్కు గాలి స్ప్రింగుదైతే షాకు పంపు వేరే కొనాలి, మామూలు పంపు దానికి పనికిరాదు.

బిగించడం నువ్వే బిగించు. విశాఖ షాపువాళ్ళు చక్కగా చేస్తారు. కానీ రేపు పొట్టంగి వాలులో ఏదైనా వదులైతే విప్పాల్సింది నువ్వు, ఎలా బిగించారో నీకు తెలిసుండాలి. హెడ్‌సెట్టు, నొక్కుడు బీబీ ఎక్కించడానికి మాత్రం పరికరం కావాలి. అది కొనక్కర్లేదు. సాలూరులో లారీ బాడీలు కట్టే వీధుల్లో లేత్ షాపులున్నాయి. ఒక పొడవాటి మర కడ్డీ, రెండు నట్లు, నీ కప్పుల కొలతకి తగ్గట్టు మెట్టు కోసిన రెండు వాషర్లు చేయించుకో. నాది అక్కడే చేయించాను, ఇప్పటికి ఆరు సైకిళ్ళు చూసింది. సుత్తితో ఎక్కించేస్తానని షాపాయన అంటే నవ్వేసి ఊరుకో, ఫ్రేము ఇవ్వకు.

మెడగొట్టం, బ్రేకు గొట్టాలు, హ్యాండిలు కొయ్యడం ఆఖరి రోజు పని. కొయ్యకముందు షాకు నుంచి స్ప్రింగు తీసేసి, అదే షాకుని మళ్ళీ బిగించి, వెనక చక్రాన్ని పూర్తిగా పైదాకా ఎత్తు. టైరు సీటుకి తగులుతుందా? ఫ్రేముకి తగులుతుందా? చైను బిగుసుకుంటుందా? చైను పొడవు ఆ బిగువు దగ్గరే నిర్ణయించాలి, సైకిలు నిలబెట్టి కాదు. ఆ స్థితిలోనే హ్యాండిలు రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టాలు ఎక్కడా లాగట్లేదని చూసి అప్పుడు కొయ్యి. హ్యాండిలు 800 మి.మీ. వస్తే నెల్లాళ్ళు అలాగే నడిపి చూడు. కోసింది అతుక్కోదు.

ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి తప్పనిసరి. విమానం ఇంజన్ల దగ్గర పనిచేసిన అలవాటు అనుకో, అది లేకుండా నాకు నిద్ర పట్టదు. డిస్కు బోల్టులకి 6 న్యూటన్ మీటర్లు, క్యాసెట్ లాక్‌రింగుకి 40, హ్యాండిలు పట్టుకునే స్టెమ్ దగ్గర 5 నుంచి 6. మిగతావి ఆయా వస్తువుల మీదే చెక్కి ఉంటాయి. డిస్కు బోల్టులకి, ఫ్రేము కీళ్ళ బోల్టులకి నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క. పెడళ్ళకి, బీబీ మరలకి గ్రీజు. ఎడమ పెడలు తిరుగుడు మర (ఎడమకి తిప్పితే బిగిసేది) అని అందరికీ తెలుసు. మరలున్న బీబీలో చైను పక్క కప్పు కూడా తిరుగుడు మరే. దీనికి మెకానిక్కులు కూడా మోసపోతారు. సులువుగా దిగకపోతే బలం పెట్టకు, తీసి మళ్ళీ చూడు.

డబ్బుల లెక్క. 1,80,000లో 25,000 ముందే పక్కన తీసి పెట్టు. పూర్తి ముఖం కప్పే డౌన్‌హిల్ హెల్మెట్, మోకాలి కాపులు, మోచేతి కాపులు, గ్లౌజులు. హెల్మెట్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్ 1952 అని ఉందేమో చూడు, అది డౌన్‌హిల్‌కి పెట్టిన ప్రమాణం. మోటార్ సైకిల్ హెల్మెట్‌తో సరిపెట్టకు, ఆ బరువుకి మెడ లాగేస్తుంది, ఊపిరాడదు. ఇంకో 15,000 పనిముట్లకి, నూనెలకి, ఒక జత అదనపు ప్యాడ్లకి, డిరైలరుని ఫ్రేముకి పట్టే గేరు హ్యాంగరుకి. హ్యాంగరు ఫ్రేముని బట్టి మారుతుంది, విరిగాక వెతుక్కుంటే దొరకదు. మిగిలిన దానితో బ్రేకులు, టైర్లు, చక్రాలు, ఫోర్కు, అదే వరసలో. ఫోర్కు దగ్గరికొచ్చేసరికి డబ్బు చాలకపోతే రెండు నెలలు ఆగు. బ్రేకుల దగ్గర చాలలేదనే పరిస్థితి రాకూడదు.

దేవమాలి సంగతి. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. పైదాకా రోడ్డు ఉంది కాబట్టి సైకిలు పికప్‌లో వేసుకుని వెళ్ళొచ్చు. డౌన్‌హిల్ సైకిలు ఎక్కడానికి పుట్టలేదు, తొక్కుకుంటూ ఎక్కుదామనుకుంటే ఆ పూటే అమ్మేస్తావు. అయితే మొదటి రోజే అక్కడికి వద్దు. ఇంటి దగ్గర్లో ఏ మట్టి గట్టో చూసుకుని పదిసార్లు దిగు, ప్రతి బోల్టూ మళ్ళీ చూసుకో. మొదటి రెండు రోజుల్లో స్పోకులు వదులవుతాయి, ముసలాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళు. వర్షాలు ఆగి, మట్టి గట్టిపడి, పైన గులక తేలకముందు దిగడానికి బాగుంటుంది, అంటే నవంబరు, డిసెంబరు. ఎండలు ముదిరాక ఆ ఎర్ర గులక గోళీకాయల మీద నడిచినట్టే. వేసవిలో ఆ కాలిబాటల నిండా తునికాకు కోసేవాళ్ళుంటారు.

అవి మనం వేసిన బాటలు కావు తమ్ముడూ. ఊళ్ళవాళ్ళు నెత్తి మీద మూటలతో, మేకలతో, పిల్లల్ని చంకనేసుకుని నడిచేవి. కుందులి సంతరోజు ఆ వైపు దిగకు. ఊళ్ళోకి ముందు రోజే వెళ్ళి పెద్దమనిషికి చెప్పు, మలుపుల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళని నిలబెట్టు. మీ రాయగడ వైపు నియమగిరి కొండలు చూసి నీకు నోరూరుతుందని తెలుసు. అవి డొంగ్రియా కొంధుల దేవుడి కొండలు. 2013లో తవ్వకాల మాట వచ్చినప్పుడు అడిగిన పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి. అక్కడ పార పట్టుకుని మలుపులు చెక్కే ఆలోచన వదిలెయ్.

అమ్మకి సైకిలు చూపించకు, ముందు హెల్మెట్ చూపించు. తరవాత బ్రేకు పట్టించి, ఆవిడ చేతే లీవరు ఒక వేలితో నొక్కించు. ఇంజను లేదన్నది నిజమే, దానికి ఏం చెప్పలేం.

కొలతలు రాసి పంపు. ఆ 450 స్ప్రింగు ఎవరికీ అమ్మెయ్యకు. నా బరువు 92, నా షాకూ మూడంగుళాలదే, నాకు సరిగ్గా సరిపోతుంది.